కాపాడినవాడిదే హక్కు: హర్గిలా పక్షి చెప్పే మైత్రి పాఠం



1956 అక్టోబరు 14న నాగపూర్ దీక్షాభూమిలో బాబాసాహెబ్ మనకు 22 ప్రతిజ్ఞలు ఇచ్చారు. పాత దేవుళ్ళను పూజించనని చెప్పేవి, శ్రాద్ధాలు పెట్టనని చెప్పేవి మనలో చాలామందికి నోటికి వచ్చు. ఆ సంకెళ్ళు తెంచుకోవడం మనకు మొదటి అవసరం కాబట్టి అది సహజమే. అదే వరుసలో ఇంకో ప్రతిజ్ఞ కూడా ఉంది. ప్రాణులన్నిటి మీదా దయ చూపుతాను, వాటిని కాపాడతాను అని దాని అర్థం. దాన్ని చదివేస్తాం గానీ అక్కడ ఆగి ఆలోచించం.

చూడండి, చంపను అనడం ఒకటి, కాపాడతాను అనడం ఇంకొకటి. చంపకుండా ఉండాలంటే చేతులు కట్టుకుని కూర్చుంటే సరిపోతుంది. కాపాడాలంటే లేవాలి, తిరగాలి, నలుగురిని కలుపుకోవాలి. అంతరించిపోతున్న జీవులను, అవి బతికే చెట్టునూ చెరువునూ ఊరి జనమే కలిసి కాపాడుకోవడం గురించి ఈ పాఠం.

హంస మీద తీర్పు

'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథం మొదట్లోనే సిద్ధార్థుడి చిన్ననాటి సంగతి ఒకటి బాబాసాహెబ్ రాశారు. బాణం తగిలి ఒక పక్షి కింద పడింది. సిద్ధార్థుడు బాణం తీసి, గాయానికి కట్టుకట్టి, నీళ్ళు తాగించి, ఒంటి వేడి ఇచ్చి బతికించాడు. దేవదత్తుడు వచ్చి, కొట్టింది నేను కాబట్టి పక్షి నాది అన్నాడు. ఇద్దరూ తగ్గలేదు. తగవు మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది. కాపాడినవాడిదే హక్కు అని తీర్పు వచ్చింది.

ఈ కథను మన పిల్లలకు జాలి కథగా చెబుతుంటాం. ఇందులో హక్కు సంగతి కూడా ఉంది. బలం ఉన్నవాడిదా, ఆయుధం ఉన్నవాడిదా, సాకినవాడిదా? ఈ ప్రశ్న పక్షితో ఆగదు. చెరువు ఎవరిది, అడవి ఎవరిది, ఊరి ఉమ్మడి భూమి ఎవరిది అని అడిగినప్పుడల్లా ఇదే ప్రశ్న మళ్ళీ వస్తుంది.

ఇంకో మాట. కరుణనూ మైత్రినీ బాబాసాహెబ్ అదే గ్రంథంలో వేరుచేసి చూపించారు. కరుణ మనుషుల మీద ఉండే ప్రేమ. మైత్రి అక్కడితో ఆగకుండా ప్రాణులన్నిటి దాకా పోతుంది. బుద్ధుడు కరుణ దగ్గర ఆగలేదని, మైత్రి దాకా నడిచాడని ఆయన వివరించారు. వానాకాలంలో భిక్షువులు ఒకేచోట ఉండే వర్షావాసం నియమం ఎందుకొచ్చింది? పచ్చని మొక్కలను, చిన్న చిన్న పురుగులను తొక్కుకుంటూ తిరుగుతున్నారని జనం అడిగారు. సంఘం విని తన నడకను మార్చుకుంది.

అయితే ఒక చిక్కుంది. హంస అందంగా ఉంటుంది. అందమైనదాన్ని కాపాడటానికి మనసు తొందరగానే ఒప్పుకుంటుంది. చూస్తేనే అసహ్యం పుట్టే ప్రాణి అయితే మన మైత్రి నిలబడుతుందా? దీనికి జవాబు అస్సాంలో కొన్ని పల్లెలు చూపించాయి.

కంపు పక్షి

అక్కడ హర్గిలా అనే పెద్ద కొంగ ఉంది. ఆ పేరుకు ఎముకలు మింగేది అని అర్థం. దాదాపు అయిదడుగుల ఎత్తు, రెక్కలు చాస్తే ఎనిమిదడుగులు. తలా మెడా బోడిగా ఉంటాయి, మెడ కింద ఒక సంచి వేలాడుతుంది. చచ్చిన జంతువులను, చేపలను, చెత్తకుప్పలో కుళ్ళినదాన్ని తింటుంది. గువాహటి పక్కన దీపర్ బీల్ అనే చిత్తడి సరస్సు ఉంది. ఆ దగ్గర్లోని నగరం చెత్తకుప్ప మీద ఈ పక్షులు గుంపులుగా కనిపించేవి. ఒకప్పుడు కలకత్తా నగరంలో కూడా ఇవి చాలా ఉండేవి. నగరాన్ని శుభ్రం చేస్తున్నాయని అక్కడి మునిసిపాలిటీ పాత చిహ్నంలో వీటి బొమ్మ కూడా వేసుకున్నారు. తర్వాత నగరం నుంచి మాయమయ్యాయి. చివరికి ప్రపంచం మొత్తం మీద అస్సాం, బీహార్, కంబోడియాల్లో మాత్రమే చెప్పుకోదగ్గ సంఖ్యలో మిగిలాయి.

ఈ పక్షి గూడు కట్టేది అభయారణ్యంలో కాదు, ఊళ్ళో, జనం పెరట్లో ఉన్న ఎత్తయిన చెట్ల మీద. పిల్లలకు తెచ్చిన మాంసం ముక్కలు, ఎముకలు, రెట్ట అన్నీ పెరట్లో పడతాయి. కంపు భరించలేక జనం రాళ్ళు రువ్వేవాళ్ళు, చెట్టే కొట్టేసేవాళ్ళు. పైగా అది అపశకునమని నమ్మకం. చట్టం ఉన్నా లాభం లేకపోయింది. ప్రతి పెరటికీ ఒక గార్డును పెట్టలేరు కదా.

2007 ప్రాంతంలో పూర్ణిమా దేవి బర్మన్ అనే జీవశాస్త్ర పరిశోధకురాలు ఈ పక్షి మీద చదువుతున్నారు. కామ్‌రూప్ జిల్లాలో ఒకాయన గూళ్ళున్న చెట్టు కొట్టించాడని తెలిసి వెళ్ళారు. పిల్లలు నేల మీద పడి ఉన్నాయి. ఆమె అడిగితే ఆ యజమాని, చుట్టుపక్కలవాళ్ళు ఆమెనే ఎగతాళి చేశారు. ఆమె డాక్టరేటు పని పక్కన పెట్టి ముందు ఊరి మనసు మార్చే పని మొదలుపెట్టారు.

ఊరి ఆడవాళ్ళు చేసిన పని

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి, మన సంఘాలకు పనికొచ్చే విషయాలు ఉన్నాయి.

ఆమె ఉపన్యాసంతో మొదలుపెట్టలేదు. సమావేశం అంటే మగవాళ్ళే వస్తారు, ఆడవాళ్ళు ఇంటి పనిలో ఉండిపోతారు. అందుకని వంటల పోటీ పెట్టారు. ఆడవాళ్ళు వచ్చారు. అక్కడ పక్షి సంగతి చెప్పారు. మనింట్లో కడుపుతో ఉన్న ఆడపిల్లకు సీమంతం చేసినట్టే, హర్గిలా గూళ్ళు కట్టే కాలంలో ఊరంతా కలిసి అలాంటి వేడుక చేశారు. కంపు పక్షి అన్నవాళ్ళే, పురిటికి మన ఊరొచ్చింది అనుకోవడం మొదలైంది.

చెట్టు యజమానులను తిట్టలేదు. నలుగురి ముందూ పిలిచి సన్మానం చేశారు. గూటి నుంచి పిల్లలు జారిపడితే దెబ్బ తగలకుండా చెట్ల కింద వలలు కట్టారు. ఆడవాళ్ళకు మగ్గాలు, నూలు ఇప్పించారు. వాళ్ళు చీరల మీద, కండువాల మీద హర్గిలా బొమ్మ నేసి అమ్ముకుంటున్నారు. ఆ పక్షి వల్ల ఇంట్లోకి నాలుగు రూపాయలు, ఊళ్ళో ఒక పేరు వచ్చాయి. వీళ్ళను హర్గిలా సైన్యం అంటారు. అందరూ ఆడవాళ్ళే, పదివేలమంది దాటారు.

ఫలితం? దాదరా, పచరియా, సింగిమారి ఊళ్ళలో మొదట 28 గూళ్ళు ఉండేవి. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ పూర్ణిమా దేవికి 'ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్' పురస్కారం ఇచ్చేనాటికి 250 దాటాయి. ప్రపంచంలో ఈ పక్షికి అతిపెద్ద స్థావరం అవే పల్లెలు. 2023లో అంతర్జాతీయ జాబితాలో ఈ పక్షిని అంతరించే ప్రమాదంలో ఉన్న వర్గం నుంచి కొంచెం తేలికైన వర్గానికి మార్చారు. బీహార్‌లో భాగల్పూర్ దగ్గర గంగ లంక భూముల్లో కూడా ఊళ్ళవాళ్ళు కాపలా కాస్తే ఈ పక్షి నిలదొక్కుకుంది.

ఇదంతా తుపాకీతోనూ ముళ్ళకంచెతోనూ జరగలేదు. పక్షి మారలేదు, దాని తిండీ మారలేదు, కంపు కూడా అలాగే ఉంది. మారింది చూసే కన్ను. బుద్ధుడు సమ్యక్ దృష్టిని అష్టాంగ మార్గంలో మొదట ఎందుకు పెట్టాడో ఈ పల్లెలను చూస్తే అర్థమవుతుంది.

అసహ్యం సంగతి మనకు తెలుసు

మిత్రులారా, మనుషులను పక్షులతో పోల్చడం నా ఉద్దేశం కాదు. అలా పోల్చేవాళ్ళను మనం ఇప్పటికే చాలామందిని చూశాం. నేను చెప్పేది అసహ్యం అనే జబ్బు గురించి. ఊరిని శుభ్రం చేసేవాళ్ళనే మురికి అని పిలవడం ఎలా ఉంటుందో ఈ దేశంలో మనకంటే బాగా ఎవరికి తెలుసు? చచ్చిన పశువును మోయించిందీ ఊరే, మోసినందుకు అంటరానివాడన్నదీ ఊరే. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ ఆ పని, ఆ మాంసం వదిలేయమన్నారు. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కొట్టినప్పుడు, అక్కడి మనవాళ్ళు కళేబరాలు ఎత్తం పొమ్మన్నారు. అది ఆత్మగౌరవం. అందులో వెనక్కి పోయేది లేదు.

మరి కళేబరాన్ని ఎవరు శుభ్రం చేయాలి? ప్రకృతిలో ఆ పనికి ఒక పక్షి ఉంది, రాబందు. దానికి కులం లేదు, అసహ్యం లేదు. ఒక గుంపు వాలితే పశువు కళేబరం కొద్ది గంటల్లో ఎముకలు మిగులుతుంది. కానీ మన ఊళ్ళలో రాబందును ఎలా చూశారు? ఇంటి మీద వాలితే ఇల్లు పాడుపెట్టాలన్నారు. మన సభల్లో మనం కూడా దోపిడీ చేసేవాణ్ణి రాబందు అని తిడతాం. ఆలోచించండి. రాబందు చచ్చినదాన్నే తింటుంది. దోపిడీదారు బతికున్నవాణ్ణి తింటాడు. తిట్టు తప్పుడు చిరునామాకు పోతోంది.

1990ల నుంచి రాబందులు కుప్పకూలాయి. కొన్ని జాతులు నూటికి తొంభై ఏడు పైగా పోయాయి. కారణం పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు అని 2004లో తేలింది. ఆ మందు పడిన పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై చస్తుంది. 2006లో పశువులకు ఆ మందు వాడకూడదని ప్రభుత్వం నిషేధించింది. ఈలోపల కళేబరాలు కుళ్ళాయి, నీళ్ళు చెడ్డాయి, ఊరకుక్కలు పెరిగాయి. రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 దాకా దేశంలో అదనంగా దాదాపు అయిదు లక్షలమంది చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో అచ్చయిన పరిశోధనలో అంచనా కట్టారు. అపశకునం అని తరిమిన పక్షి ఎన్ని ప్రాణాలు కాస్తూ ఉండిందో చూడండి.

మనవాళ్ళు అడిగే మూడు ప్రశ్నలు

ఈ విషయం ఆదివారం తరగతిలో చెప్పినప్పుడు ఒక తమ్ముడు లేచాడు. "అన్నా, మనుషులకే దిక్కులేదు, మనకెందుకీ పక్షుల గోల?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేనిచ్చిన జవాబు ఇది. చెరువు పూడ్చేస్తే బోరు వేయించుకునేవాడికి నష్టం లేదు, బిందె పట్టుకుని నడిచే అమ్మకు నష్టం. బంజరు పోతే కారున్నవాడికి నష్టం లేదు, రెండు మేకలున్న అవ్వకు నష్టం. కుక్క కరిస్తే ఇంజెక్షన్ కోసం కూలి పోగొట్టుకుని పట్నం పోయేది మన వాడవాళ్ళే. భూమి లేనివాడికి ఉమ్మడి ఆస్తి ఒక్కటే ఆసరా. జీవులు బతికే చోటే అది.

రెండో ప్రశ్న. "జంతువుల పేరు చెప్పి అడవిలోంచి పేదల్ని గెంటేయడమే కదా జరిగేది?" నిజం, అలాగే జరిగింది. నల్లమలలో పులుల అభయారణ్యం వచ్చాక చెంచులు తరాలుగా బతికిన చోటే పరాయివాళ్ళలా బతకాల్సి వచ్చింది. పులి జాడ పట్టడానికి మాత్రం అటవీశాఖకు చెంచులే కావాలి. జ్ఞానం తీసుకుని హక్కు ఇవ్వకపోతే అది దేవదత్తుడి వాదమే. 2006 అటవీ హక్కుల చట్టం, అడవిని కాపాడే హక్కూ అధికారమూ గ్రామసభకు ఉన్నాయని చెబుతోంది. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగలు 2011లో పులుల అభయారణ్యం లోపలే సామూహిక హక్కులు సాధించుకున్నారు. మనం నిలబడాల్సింది ఈ పక్షాన. జనాన్ని వెళ్ళగొట్టే సంరక్షణ మైత్రి అనిపించుకోదు.

మూడోది చాలామంది నోరు విప్పి అడగరు. "మేం మాంసం తింటాం, చేపలు పడతాం. మాకు ఈ మాట చెప్పే అర్హత ఉందా?" ఉంది. అహింస అనేది సూత్రం, గుడ్డి నియమం కాదని బాబాసాహెబ్ స్పష్టంగా చెప్పారు. చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని తేడా చూపించారు. మన కంచంలోకి తొంగిచూసి అహింస నేర్పడానికి వచ్చేవాళ్ళకు భయపడొద్దు. అదే సమయంలో, అవసరం లేకుండా సరదాకి ఉడుముకు ఉచ్చు పెట్టే పనినీ, మూఢనమ్మకంతో గుడ్లగూబను చంపే పనినీ ఆ సూత్రం చాటున దాచకూడదు. అది కోరిక కిందికే వస్తుంది.

మన దగ్గర దారి ఉంది

ఇదంతా ఎక్కడో అస్సాం సంగతి అనుకోవద్దు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, రంగు కొంగలు గూళ్ళు కడుతుంటే ఆ ఊరు వాటిని కాచుకుంటోంది. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టులో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని రైతులకు తెలుసు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చెట్ల మీద వలస పక్షులను ఊరే కాపాడుతోంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, దారుల వెంట చెట్లు నాటించి బావులు తవ్వించానని అక్కడ చెక్కించాడు. ఈ నేలకు మైత్రి కొత్త కాదు.

మీ సంఘం, మీ విహారం ఈ పనులు పట్టుకోవచ్చు.

1. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. 2004 నాటి నియమాల్లో, నామినేట్ చేసే సభ్యుల్లో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ ఎస్టీలు ఉండాలని రాశారు. మీ ఊరి కమిటీలో ఎవరున్నారు? పంచాయతీ కార్యదర్శిని అడగండి. కాగితం మీదే ఉంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. చెరువు, బంజరు గురించి మాట్లాడే కుర్చీ అది. మనం కూర్చోకపోతే ఇంకెవరో కూర్చుంటారు.

2. పశువుకు నొప్పి మందు రాసేటప్పుడు మెలాక్సికం రాయమని పశువుల డాక్టరును అడగండి. అది రాబందుకు హాని చేయదు. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ తెచ్చి పశువుకు పొడవనివ్వకండి.

3. కళేబరం తీసే పని ఏ కులానిదీ కాదు. యంత్రంతో, జీతంతో, చేతికి తొడుగులతో పంచాయతీ చేయించాలని తీర్మానం పెట్టించండి.

4. గుడ్లగూబ, రాబందు, గబ్బిలం అపశకునమనే మాట ఇంట్లో వినిపిస్తే అక్కడే ఆపండి. శకునాలను వదిలిన దీక్ష మనది.

5. మీ చుట్టుపక్కల గూళ్ళున్న పాత చెట్టు ఉంటే, దాని యజమానిని బుద్ధ పూర్ణిమ నాడు పిలిచి శాలువా కప్పండి. ఏ కులంవాడైనా సరే పిలవండి. ఈ పని బాధ్యత మహిళా సంఘానికి అప్పగించండి, అస్సాం ఆడవాళ్ళు ఎందుకు గెలిచారో అప్పుడు తెలుస్తుంది.

తరగతిలో చర్చించుకోవడానికి

మీ ఊళ్ళో ఇరవై ఏళ్ళ కింద ఉండి ఇప్పుడు కనపడని పక్షి, చేప, జంతువు ఏవి? పెద్దవాళ్ళను అడిగి జాబితా రాయండి.

మీ ఊరి చెరువును, బంజరును నిజంగా కాపాడుతున్నది ఎవరు? పట్టా ఎవరి పేరు మీద ఉంది? ఈ రెండింటికీ ఒకే జవాబు వచ్చిందా?

మీకు అసహ్యం అనిపించే ప్రాణి ఏది? ఆ అసహ్యం మీకు ఎవరు నేర్పారు?

మధ్యవర్తి ఇచ్చిన తీర్పును మన ఊళ్ళో అమలు చేయించుకోవాలంటే ముందు మనం కాపాడేవాళ్ళం కావాలి. కాపాడిన చెరువు మీద, కాపాడిన అడవి మీద మన మాట చెల్లాలని అప్పుడు తలెత్తి అడగగలం. వచ్చే ఆదివారం జాబితాతో రండి.

నమో బుద్ధాయ. జై భీమ్.